యూట్యూబ్ చెయ్యి నేర్పింది, కాళ్లు నేర్పలేదు: ఒక కేస్ స్టడీ

నేను యూనివర్సిటీ విద్యార్థులకు బ్యాడ్మింటన్ నేర్పుతాను. నేర్పుతాను అనడం కూడా ఈ మధ్య కొంచెం ఎక్కువేనేమో, ఎందుకంటే క్లబ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఎంతో కొంత నేర్చుకునే వస్తున్నారు, కాకపోతే కోచ్ దగ్గర కాదు, ఫోన్లో. రీల్స్, షార్ట్స్, పెద్ద మ్యాచ్‌ల హైలైట్స్, స్నేహితుల వాట్సాప్ గ్రూప్, స్కోర్ యాప్‌లు, వీడియో గేములు, ఇవన్నీ కలిసి వాళ్ల మొదటి కోచ్. సిలబస్ లేదు, పరీక్ష లేదు, అరిచేవాళ్లు లేరు. ఆ కోచ్ ఏం నేర్పుతాడు, ఏం వదిలేస్తాడు అనేది నాకు రోజువారీ పనిలో ఎదురయ్యే ప్రశ్న, అందుకే ఒక కేసుని మొదటి నుంచి వివరంగా రాస్తున్నాను.

ఇందులో ముఖ్యమైన మనిషి ఒక రెండో సంవత్సరం అమ్మాయి. పేరు రాయడం లేదు, గుర్తుపట్టగల వివరాలు తీసేశాను. తనూ, మధ్యలో కనిపించే మిగతా పిల్లలూ చదివి సరేనన్నాకే ఇది బయటికి వస్తోంది.

వచ్చేటప్పటికి తనకి ఏం వచ్చు

ఆ అమ్మాయి స్కూల్లో ఏ ఆటా ఆడలేదు. హాస్టల్లో చేరాక స్నేహితులతో కలిసి సాయంత్రం పూట షటిల్ ఆడటం మొదలుపెట్టింది, రోజూ ఓడిపోవడం నచ్చలేదు, దాంతో రాత్రుళ్లు వీడియోలు చూడటం మొదలైంది. క్లబ్‌కి వచ్చిన మొదటి సాయంత్రం తను రాకెట్ పట్టుకున్న తీరు చూసి నేను ఒక్క క్షణం ఆగిపోయాను. కొత్తవాళ్లు సాధారణంగా రాకెట్‌ని పెనం కాడ పట్టుకున్నట్టు పట్టుకుంటారు. తను మాత్రం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ‘వీ’ ఆకారం వచ్చేలా, వదులుగా, సరిగ్గా పట్టుకుంది. బ్యాక్‌హ్యాండ్ వైపు షటిల్ వేస్తే బొటనవేలు దానంతటదే హ్యాండిల్ వెడల్పు భాగం మీదికి జరిగింది. ఎవరు నేర్పారని అడిగితే, "ఎవరూ నేర్పలేదు మేడమ్, చూశాను" అంది.

ఇంకో విషయం. తనది ఎడమచేతి వాటం. నేర్పే వీడియోల్లో దాదాపు అందరూ కుడిచేత్తో ఆడేవాళ్లే, కాబట్టి తను వీడియో డౌన్‌లోడ్ చేసుకుని, ఎడిటింగ్ యాప్‌లో కుడిఎడమలు తారుమారు చేసి, అప్పుడు చూసేది. ఈ చిట్కా ఏదో వీడియో కింద కామెంట్లలో దొరికిందట. ఇన్నేళ్లుగా ఎడమచేతి పిల్లలకి నేను ఎదురుగా నిలబడి అద్దంలా చేసి చూపించే పనిని ఆ యాప్ చేసేసింది. దీన్ని చిన్నచూపు చూడకూడదు. తనకి ఏం అడ్డొస్తోందో గుర్తించి, దానికి దారి తనే వెతుక్కోవడం అంటే నేర్చుకోవడంలో సగం అయిపోయినట్టే.

(ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పేస్తాను. ఈ తారుమారు పద్ధతి క్లియర్‌కీ (ఎత్తుగా అవతలి కోర్టు చివరిదాకా కొట్టే షాట్) స్మాష్‌కీ (పైనుంచి కిందికి బలంగా కొట్టే షాట్) పనికొస్తుంది, స్లైస్ డ్రాప్‌కి, అంటే షటిల్‌ని రాకెట్‌తో పక్కగా కోసి నెట్ దగ్గర పడేసే షాట్‌కి, మోసం చేస్తుంది. షటిల్‌లో 16 ఈకలు ఒకదాని మీద ఒకటి ఒకే వైపుకి వాలి ఉంటాయి, అందుకని అది గాల్లో ఎప్పుడూ ఒకే దిశలో తిరుగుతుంది. కుడిచేత్తో కోసినప్పుడు వచ్చే ఫలితం ఎడమచేత్తో కోస్తే రాదు. తను కొన్నాళ్లపాటు ఒక స్లైస్‌ని పట్టుకుని కుస్తీ పట్టి, తన చెయ్యే బాలేదనుకుంది. చెయ్యి బాగానే ఉంది, వీడియోలో షటిల్ కూడా తిరగబడిందంతే.)

షటిల్ లేకుండా ఊరికే యాక్షన్ చెయ్యమంటే చూడముచ్చటగా చేసేది. పక్కకి తిరగడం, కుడిచెయ్యి పైకెత్తడం, మోచెయ్యి ముందు రావడం, అన్నీ వరసలో ఉండేవి. ర్యాలీ, అంటే షటిల్ అటూ ఇటూ సాగే ఆట, మొదలైతే మూడో షాట్‌కే ఇదంతా చెదిరిపోయేది. తను కొట్టిన క్లియర్ కోర్టు మధ్యలో దిగేది, అవతలివాళ్లు తీరిగ్గా స్మాష్ కొట్టేవాళ్లు.

దీనికి తను చెప్పుకున్న కారణం: "పవర్ లేదు మేడమ్, రిస్ట్ స్నాప్ రావట్లేదు." అప్పటికే మణికట్టు నొప్పి కూడా మొదలైంది. ఈ ‘రిస్ట్ స్నాప్’ అనే మాట వీడియోల్లో ఎంతగా తిరుగుతోందంటే, పిల్లలు మణికట్టుని తలుపు గడియలా ముందుకి విరవడమే స్మాష్ అనుకుంటున్నారు. నిజానికి తల మీదుగా కొట్టే ఓవర్‌హెడ్ షాట్‌లో రాకెట్‌కి వేగం ఎక్కువగా భుజం దగ్గర పైచెయ్యి లోపలికి తిరగడం వల్లా, ముంజేయి తిరగడం వల్లా వస్తుంది. చూసేవాళ్ల కంటికి ఆ తిప్పుడు కనిపించదు, మణికట్టు కదిలినట్టే కనిపిస్తుంది. వీడియో చేసినవాడు అబద్ధం చెప్పలేదు, తనకి ఎలా అనిపించిందో అలా చెప్పాడు. అయితే వినేవాళ్ల చేతికి అది వేరే ఆదేశంగా చేరింది.

సేవ్ చేసిన క్లిప్‌లు

నేను వెంటనే ఏదీ సరిదిద్దలేదు. "నువ్వు సేవ్ చేసుకున్నవి చూపిస్తావా?" అన్నాను. ఫోన్ అడగలేదు, తను పట్టుకుని చూపిస్తే పక్కన కూర్చుని చూశాను. ఇది నేను కొత్తవాళ్లందరితో చేసే పని, వంద ప్రశ్నల ఫారమ్ నింపించినా తెలియనిది ఆ ఫోల్డర్ చూస్తే తెలుస్తుంది.

జంప్ స్మాష్‌లు. వెనక్కి తిరిగి కాళ్ల మధ్య నుంచి కొట్టిన షాట్లు. బ్యాక్‌హ్యాండ్ క్లియర్ రహస్యాలు. రెండు దేశాల డబుల్స్ జట్ల ర్యాలీలు. ఫుట్‌వర్క్ మీద ఒకే ఒక్క వీడియో ఉంది, అది కూడా సగంలో ఆగిపోయి ఉంది. అడిగితే నవ్వేసింది, "బోర్ కొట్టింది మేడమ్" అని. నిజమే కదా, అడుగులు వేయడం చూడటానికి బోరే. చూసేవాళ్లని నిలబెట్టే వీడియోనే యాప్ మళ్లీమళ్లీ ముందుకు తోస్తుంది, ఒక జంప్ స్మాష్‌తో పోటీపడి నిలబడగల పాదం ఏదీ లేదు.

ఇందులో ఫ్రేమ్ సంగతి కూడా ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నిలువు వీడియోలో కోర్టు పట్టదు. కోర్టు పొడవు 13.4 మీటర్లు, డబుల్స్ వెడల్పు 6.1 మీటర్లు, దాన్ని నిలువు స్క్రీన్‌లో ఇరికించాలంటే మనిషిని నడుము నుంచి పైకి చూపించడమే సులువు. కాబట్టి రీల్స్ చూసి పెరిగిన ఆటగాడికి ఆట అంటే నడుము పైభాగమే. టీవీ ప్రసారంలో కోర్టంతా కనిపిస్తుంది కానీ అక్కడ కన్ను షటిల్ వెంట పరుగెడుతుంది, షటిల్ లేని వైపు ఆటగాడు ఏం చేస్తున్నాడో చూసేవాళ్లు తక్కువ. మా ఆట సగం అక్కడే ఉంది, షటిల్ తన దగ్గర లేని ఆ అర సెకనులో.

స్లో మోషన్ మీద పిల్లలకున్న నమ్మకం గురించి కూడా చెప్పాలి. 2023లో మన డబుల్స్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు సాధించాడు, క్లబ్‌లో ఆ క్లిప్ చూడనివాళ్లు లేరు. సరే, లెక్క వేద్దాం అన్నాను. ఆ వేగం సెకనుకి సుమారు 157 మీటర్లు. మామూలు వీడియో సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది, అంటే ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య, ఆ మొదటి క్షణాల్లో, షటిల్ ఐదు మీటర్లకు పైగా వెళ్లిపోతుంది. ఫోన్లో 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టినా 65 సెంటీమీటర్లు. రాకెట్ షటిల్‌కి తగిలే క్షణం మీ వీడియోలో చాలాసార్లు ఉండనే ఉండదు, ఇంటి లోపలి లైట్ల కింద అయితే ఉన్నది కూడా మసకమసకగా ఉంటుంది. ఆ మసకని చూసి మణికట్టు ఇలా తిరిగింది, అలా తిరిగింది అని కామెంట్లలో వాదించుకుంటారు.

అన్నింటికంటే కష్టమైనది నమ్మకం. 2018లో మైకేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రయన్ అనే ఇద్దరు పరిశోధకులు వరసగా కొన్ని ప్రయోగాలు చేశారు: టేబుల్ మీద సామాన్లు కదలకుండా గుడ్డ లాగేయడం, డార్ట్ విసరడం, మూన్‌వాక్ చేయడం లాంటివి. వీడియోని ఎక్కువసార్లు చూసినవాళ్లకి ‘నేను చేసేయగలను’ అన్న ధీమా పెరిగింది, చేయమంటే మాత్రం తక్కువసార్లు చూసినవాళ్లకంటే మెరుగ్గా చేయలేదు. నేను దీన్ని పిల్లలకి తిట్టుగా చెప్పను. ‘నీకు రాదు’ అనడానికి కాదు, ‘నీకు వచ్చేసినట్టు అనిపించడం మామూలే, అందరికీ అలాగే అనిపిస్తుంది’ అనడానికి చెప్తాను. విన్నాక చాలామంది మొహంలో టెన్షన్ తగ్గుతుంది.

ఈ మాట చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు జూలియస్ యెగోని తీసుకొస్తారు. ఈ అమ్మాయి కూడా తెచ్చింది. "యూట్యూబ్ చూసి వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు కదా మేడమ్?" అయ్యాడు. కెన్యా జావెలిన్ త్రోయర్, వీడియోలు చూసి టెక్నిక్ నేర్చుకున్నాడు, 2015లో బీజింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 92.72 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాడు, మరుసటి ఏడాది రియో ఒలింపిక్స్‌లో రజతం. ఆ కథలో మధ్యలో ఫిన్లండ్ వెళ్లి అక్కడి కోచ్ దగ్గర శిక్షణ తీసుకున్న భాగాన్ని రీల్స్ వదిలేస్తాయి, అది ఒకటి. అంతకంటే ముఖ్యమైనది, జావెలిన్‌లో ఎదురుగా ఎవరూ ఉండరు. ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు విసరాలో నీ ఇష్టం. యాక్షన్ ఎలా ఉండాలన్నదే అక్కడ అసలు ప్రశ్న, దానికి వీడియో బాగా సరిపోతుంది. షటిల్‌లో ‘ఎలా’ కంటే ముందు ‘ఎప్పుడు’ వస్తుంది, ఆ ‘ఎప్పుడు’ని నిర్ణయించేది అవతలివాడు. ఈత, బరువులు, బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రో, వీటికి ఫోన్ మంచి గురువే. అవతల ఇంకో మనిషి ఆలోచిస్తూ నిలబడే ఆటలకి మాత్రం సగం గురువు.

కెమెరా తిప్పాం

తను చూసే వీడియోలు మానమని చెప్పలేదు. మానరు కూడా. ఒకటే మార్చాం: ఫోన్‌ని కోర్టు వెనక, తన వెన్ను కనిపించేలా, పాదాలూ అవతలి ఆటగాడూ ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో పడేలా పెట్టాం. అడ్డంగా, వెనక కెమెరాతో, సెకనుకి 60 ఫ్రేములు. అడుగులు చూడటానికి అంతకంటే అక్కర్లేదు, 240 పెడితే ఫైలు పెద్దదవడం, వెలుతురు చాలకపోవడం తప్ప లాభం లేదు. ముందు కెమెరా వద్దన్నాను, అందులో చూసుకునేటప్పుడు కుడిఎడమలు మారిపోయి కనిపిస్తాయి, ఎడమచేతి వాటం ఉన్న పిల్లకి ఆ గందరగోళం ఇప్పటికే చాలినంత ఉంది.

ఆడటం అయ్యాక ఇద్దరం గోడకి ఆనుకుని కూర్చున్నాం. నేను కారణం చెప్పలేదు, ఒక్క పని ఇచ్చాను: అవతలి అమ్మాయి రాకెట్ షటిల్‌కి తగిలిన ఫ్రేమ్ దగ్గర ఆపు, అక్కడ నీ మడమలు చూడు. బొటనవేలితో నెమ్మదిగా లాగుతూ ఆపింది. మడమలు రెండూ నేలకి అతుక్కుని ఉన్నాయి, మోకాళ్లు నిటారుగా ఉన్నాయి, రాకెట్ తొడ పక్కన వేలాడుతోంది. ఇప్పుడు నీ పాదం మొదటిసారి కదిలేదాకా ఒక్కో ఫ్రేమూ లెక్కపెట్టు అన్నాను. ఇరవై దాటింది, అంటే సెకనులో మూడోవంతుకి పైనే. తర్వాతి షాట్‌లోనూ అంతే, దాని తర్వాతా అంతే. చివరికి షటిల్ తన తల వెనక్కి వెళ్లిపోయాక అందుకుంది, వెనక్కి వంగి, ఉన్న కాస్త దూరంలో మణికట్టు విరిచి కొట్టింది.

"నేను చూస్తూ నిలబడిపోయాను మేడమ్," అంది. ఆ తర్వాత కాసేపాగి తనే అంది, "అయితే పవర్ కాదు."

అవును, పవర్ కాదు. నెలల తరబడి చెయ్యి వీడియోలు చూసి సరిచేసుకుంటున్న సమస్య కాళ్ల దగ్గర ఉంది. క్లియర్ పొట్టిగా పడటానికి కారణం ఆలస్యం, మణికట్టు నొప్పికి కారణమూ అదే ఆలస్యం. ఈ మాట మొదటి రోజే నేను చెప్పి ఉండొచ్చు, చెప్తే తలూపి వెళ్లి ఇంకో వీడియో వెతుక్కునేది. తన మడమలు తనే చూసుకున్నాక ఆ సగంలో ఆపేసిన ఫుట్‌వర్క్ వీడియోని ఆ రాత్రే పూర్తిగా చూసిందట, బోర్ కొట్టలేదట. వీడియో అదే, ఈసారి చూసేటప్పుడు తన దగ్గర ఒక ప్రశ్న ఉంది. ఈ కేసులో నాకు పనికొచ్చిన విషయం ఏదైనా ఉందంటే ఇదే.

తర్వాత చేసిన పని పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. స్ప్లిట్ స్టెప్, అంటే అవతలివాళ్లు కొట్టే క్షణానికి మన పాదాలు నేలని తాకేలా వేసే చిన్న గెంతు. అవతలి రాకెట్ తగిలినప్పుడు నోటితో ‘హప్’ అనమన్నాను, మొదట్లో హప్ తర్వాత గెంతు వచ్చేది, మెల్లగా రెండూ కలిశాయి. హాల్లో మిగతావాళ్లు నవ్వారు, తర్వాత వాళ్లూ మొదలుపెట్టారు.

వీడియో వాడకంలో మాత్రం కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం, ఎందుకంటే ఇక్కడ అతి చేస్తే బెడిసికొడుతుంది. ప్రతి షాట్ తర్వాతా ఫోన్ దగ్గరికి పరుగెత్తడం తనకి త్వరగా అలవాటైపోయింది. ప్రతిసారీ ఫీడ్‌బ్యాక్ దొరికితే అప్పటికి బాగా ఆడతాం, అది తీసేస్తే తడబడతాం, ఇది కొత్త సంగతేమీ కాదు, సల్మోనీ, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు 1984లోనే దీన్ని వివరంగా రాశారు. మ్యాచ్‌లో ఫోన్ ఉండదు కదా. అలాగని ఎప్పుడు చూడాలో నేనే నిర్ణయించలేదు. 1997లో అలవాటులేని చేత్తో బంతి విసరడం నేర్పుతూ చేసిన ఒక ప్రయోగంలో, వీడియో ఎప్పుడు చూడాలో తామే ఎంచుకున్నవాళ్లు మిగతావాళ్లకంటే బాగా నేర్చుకున్నారు. కాబట్టి ఒప్పందం ఇది: ఎప్పుడు చూడాలో నీ ఇష్టం, కానీ ఫోన్ ముట్టుకునే ముందు ఏం కనిపిస్తుందనుకుంటున్నావో పైకి చెప్పాలి. ‘ఈసారి ఆలస్యం అయింది అనుకుంటున్నా’ అని చెప్పి, అప్పుడు చూడాలి. కొన్ని వారాలకి తన అంచనా చాలాసార్లు సరిపోతూ వచ్చింది, సరిపోయిన కొద్దీ ఫోన్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. నాకు కావలసింది అదే.

కొట్టేటప్పుడు ధ్యాస ఎక్కడ ఉండాలన్నది ఇంకో చిక్కు. వీడియోలు మోచెయ్యి, భుజం, వేళ్లు అంటూ ఒంటి మీదే ధ్యాస పెట్టిస్తాయి. గాబ్రియేల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలి బృందం 1998లో స్కీ సిమ్యులేటర్ (మంచు మీద జారే కదలికని సాధన చేసే యంత్రం) మీద చేసిన ప్రయోగంలో, పాదంతో ఒత్తమన్నవాళ్లకంటే పాదం కింది చక్రాలని ఒత్తమన్నవాళ్లు మెరుగ్గా నేర్చుకున్నారు. రెండు ఆదేశాలకీ తేడా చాలా చిన్నది, ధ్యాస ఒంటి మీద నుంచి ఒంటి బయటికి మారింది. కోర్టులో మాకు ఆ ‘బయట’ దొరకడం సులువు. వెనక చివరి గీతకీ దాని ముందున్న డబుల్స్ లాంగ్ సర్వీస్ గీతకీ మధ్య 76 సెంటీమీటర్ల పట్టీ ఉంటుంది. మోచెయ్యి మర్చిపో, షటిల్‌ని ఆ పట్టీలో దించు అన్నాను. మోచెయ్యి ఎలాగూ వీడియోల పుణ్యమా అని బాగానే ఉంది.

గ్రూపులో ఏం జరిగింది

ఒక్క మనిషి కథగా రాస్తున్నాను గానీ ఇది ఒక్క మనిషి నేర్చుకున్నది కాదు. క్లబ్‌కి ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. అందులో మొదట క్లిప్ పెడితే నిప్పు ఎమోజీలు, ‘సూపర్’లు, ఒకరిద్దరి వెక్కిరింపు, అంతటితో సరి. ఈ అమ్మాయి తన మడమల క్లిప్ పెడుతూ కింద ‘ఎక్కడ ఆలస్యం అవుతోందో చెప్పండి’ అని రాసింది. సీనియర్ ఒకడు స్క్రీన్‌షాట్ తీసి, రాకెట్ వేలాడుతున్న చోట ఎర్ర గీత గుండ్రంగా చుట్టి, ‘ఇది పైన ఉంటే సగం టైమ్ మిగులుతుంది రా’ అని పెట్టాడు. నేను చూడని విషయం అది, నేను మడమల మీదే ఉన్నాను. ఆ రోజు నుంచి ప్రశ్న లేకుండా క్లిప్ పెట్టకూడదన్నది అలవాటైంది, ఎవరూ రూల్‌గా పెట్టలేదు. చేరిన కొత్తలో అంచున నిలబడి చూస్తూ, చిన్నచిన్న పనులు చేస్తూ, మెల్లగా మధ్యలోకి రావడమే నేర్చుకోవడం అని జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే పరిశోధకులు 1991లో చెప్పారు, ఆ గ్రూప్ స్క్రోల్ చేస్తూ పోతే అచ్చంగా అదే కనిపిస్తుంది.

అందులోనే ఇంకో కుర్రాడు ఉన్నాడు, అతని గురించి రాయకపోతే ఈ కేసు అసంపూర్ణం. అతను ఏ ఆటా ఆడడు. ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఆడి, పాడ్‌కాస్ట్‌లు విని, స్కోర్ యాప్‌లు తిరగేసి, ఒక జట్టు మైదానంలో ఆటగాళ్ల అమరికని 4-3-3 నుంచి 4-4-2కి ఎప్పుడు మార్చిందో మ్యాచ్ చూస్తూ చెప్పేయగలడు. హాస్టల్ స్నేహితుల వెంట క్లబ్‌కి వచ్చి మూల కూర్చునేవాడు. ఖాళీగా కూర్చునే బదులు స్కోర్ రాయమన్నాం. స్కోర్ రాస్తూ, తనంతట తనే, ఎవరు సర్వ్ ఎక్కడికి వేస్తున్నారు, పాయింట్ ఎలా పోయింది అని గూగుల్ షీట్‌లో గడులు పెట్టుకున్నాడు. అవతలి క్లబ్ అమ్మాయి ఒత్తిడి వస్తే ప్రతిసారీ బ్యాక్‌హ్యాండ్ వైపే సర్వ్ వేస్తుందని మన అమ్మాయికి ముందే చెప్పింది అతనే. రాకెట్ పట్టనివాడు ఆట నేర్చుకోలేదంటే నేను ఒప్పుకోను. ‘ఎప్పుడు’ అనేదాన్ని అతను చూపుతో నేర్చుకున్నాడు, అది క్లబ్‌లో చాలామంది ఆడేవాళ్లకి లేదు.

ఇక రూల్స్. ఇక్కడ ఫోన్ మీద నాకు నమ్మకం తక్కువ, ఎందుకంటే వీడియోకి గడువు తేదీ ఉండదు. 2006కి ముందు నాటి మ్యాచ్‌లు చూసి సర్వ్ చేసేవాళ్లకే పాయింట్ వస్తుందనుకునే పిల్లలు ఇప్పటికీ వస్తుంటారు. సర్వ్ నడుము కింద నుంచి వేయాలని పాత వీడియోలు చెప్తాయి, అంతర్జాతీయ టోర్నీల్లో 2018 నుంచి లెక్క నేల నుంచి 1.15 మీటర్ల ఎత్తు. అన్నింటికంటే గమ్మత్తు స్పిన్ సర్వ్ సంగతి. 2023లో ఒక డెన్మార్క్ ఆటగాడు షటిల్‌ని వేళ్లతో తిప్పి వదిలి సర్వ్ చేస్తే అవతలివాళ్లు తిప్పలు పడ్డారు, ఆ క్లిప్ ప్రపంచమంతా తిరిగింది, కొన్ని నెలల్లోనే ప్రపంచ బ్యాడ్మింటన్ ఫెడరేషన్ (బీడబ్ల్యూఎఫ్) దాన్ని నిషేధించింది. నిషేధం వార్త క్లిప్ అంత దూరం తిరగలేదు. మా క్లబ్‌లో ఇద్దరు దాన్ని పట్టుదలగా సాధన చేసి, చక్కగా నేర్చుకుని, మ్యాచ్‌లో వేసి ఫాల్ట్ ఇప్పించుకున్నారు. అందుకే కొత్తవాళ్లకి ఇప్పుడు ఒకటి చెప్తున్నాం: షాట్ ఎక్కడైనా నేర్చుకోండి, రూల్ మాత్రం ఫెడరేషన్ సైట్‌లో ఉన్న పుస్తకంలో చూడండి.

వీడియోలు తీయడం మొదలయ్యాక ఇంకో సమస్య వచ్చింది. పక్క కోర్టులో ఆడేవాళ్లు ఫ్రేమ్‌లో పడుతున్నారు. ఒక అమ్మాయి క్లిప్ గ్రూప్ దాటి బయటికి వెళ్లింది, ఎడిట్ చేసి వెక్కిరింపు మ్యూజిక్ కూడా పెట్టారు. పెట్టినవాడితో విడిగా మాట్లాడి తీయించాం, కానీ ఆ అమ్మాయి తర్వాత కెమెరా ఉంటే ఆడటం మానేసింది. అప్పటి నుంచి తీసే ముందు కోర్టులో ఉన్న అందరినీ అడగాలి, ఎవరి ఆట వాళ్ల ఫోన్‌లోనే తీయాలి, గ్రూప్‌లో పెట్టడం ఆడినవాళ్ల ఇష్టం మాత్రమే, ఎవరైనా తీసేయమంటే కారణం అడగకుండా తీసేయాలి. చిన్నచిన్నవే, కానీ ఇవి లేకుండా ఈ పద్ధతి మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్తాను.

ఎక్కడ దాకా వచ్చింది, ఎక్కడ ఆగింది

సెమిస్టర్ చివరికి, ఒకరు షటిల్ వేస్తుంటే తను కొట్టే క్లియర్లు సగానికి పైగా ఆ పట్టీలోనో, దాని దగ్గర్లోనో దిగుతున్నాయి. మ్యాచ్‌లో అంత లేదు, అలసిపోయాక మడమలు మళ్లీ నేలకి అతుక్కుంటాయి, మూడో గేమ్‌లో అది స్పష్టంగా కనిపిస్తుంది. మణికట్టు నొప్పి పోయింది. దానికి ముందు నెల రోజులు స్మాష్‌లు ఆపించాం, ఫిజియోకి చూపించాం, కాబట్టి పోయిందంటే మొత్తం కాళ్ల పుణ్యమే అని నేను చెప్పను.

ఇదే పద్ధతి పనిచేయని చోటు కూడా చూశాను. పరుగు యాప్‌కి అతుక్కుపోయిన ఒక కుర్రాడికి కెమెరా ఇచ్చి లాభం లేకపోయింది. అతని సమస్య అంకెలు: రోజూ పరుగెత్తిన వరస తెగకూడదు, నిన్నటికంటే వేగం తగ్గకూడదు. ముంగాలి ఎముక నొప్పితో కూడా పరుగెత్తేవాడు. అతనికి కావలసింది మెల్లగా పరుగెత్తే రోజు కూడా శిక్షణే అని చెప్పే మనిషి, ఆ మాట యాప్ కూడా చెప్తుంది, కానీ పతకాల బొమ్మలు ఇచ్చేది వేగానికి. ఆఖరికి వాచీ తీసి ఒక స్నేహితుడితో మాట్లాడుకుంటూ పరుగెత్తమన్నాం. మాట తడబడకుండా వస్తుంటే ఆ వేగం చాలు.

ఇప్పుడు ఆ అమ్మాయి డబుల్స్‌కి మారింది, మాకు కొత్త చిక్కు అక్కడే. సింగిల్స్‌లో వెనక నుంచి ఒక ఫోన్ సరిపోయింది. డబుల్స్‌లో ఇద్దరూ తిరిగే చోటు మారుతూ ఉంటుంది, ముందున్నవాళ్లు వెనకున్నవాళ్లకి అడ్డొస్తారు, అసలు సమస్య చాలాసార్లు ‘నీదా నాదా’ అని అరవకపోవడం, అది వీడియోలో కనిపించదు, వినిపించాలి. ప్రస్తుతం గ్యాలరీ నుంచి ఒక ఫోన్, నెట్ స్తంభం దగ్గర శబ్దం కోసం ఇంకోటి పెట్టి చూస్తున్నాం, రెండింటినీ కలపడానికి ఆ స్కోర్ కుర్రాడు గంటలు ఖర్చుపెడుతున్నాడు. ఇంతకంటే సులువుగా ఎవరైనా చేస్తుంటే ఏ కోణం నుంచి తీస్తున్నారో చెప్పండి.